కొండంత భయానికి కొలబద్ద



హైదరాబాద్ శివార్లలో, ముచ్చింతల్‌లోని రామానుజాచార్యుల విగ్రహం పీఠంతో కలిపి 216 అడుగులు. విజయవాడ స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ విగ్రహం 125 అడుగులు, దాని కింద పీఠం మరో 81. సెలవొస్తే చాలు, జనం పిల్లాజెల్లాతో వ్యాన్లు మాట్లాడుకుని వెళ్లి చూసొస్తున్నారు. అలా వెళ్లిన గుంపుల్లో అప్పుడప్పుడూ ఒకరు పార్కింగ్ దగ్గరే ఆగిపోతారు. "మీరు వెళ్లి రండి, సామాన్ల దగ్గర నేనుంటా" అంటారు. ఎండకు ఓర్వలేకేమో అనుకుంటాం, మోకాళ్ల నొప్పులేమో అనుకుంటాం. తలెత్తి ఆ ఆకారాన్ని చూడగానే గుండె దడదడలాడుతుందనీ, అరచేతులకు చెమటలు పడతాయనీ, అది తన మీదికే వంగుతున్నట్టు ఉంటుందనీ ఆ మనిషి బయటికి చెప్పరు. బొమ్మను చూసి భయమేమిటని నవ్వుతారని వాళ్లకు తెలుసు.

అతి పెద్ద వస్తువులంటే కలిగే ఈ భయాన్ని మెగలోఫోబియా అంటున్నారు. విగ్రహాలతోనే సరిపోదు. రేవులో ఒడ్డుకు ఆనుకుని నిలబడ్డ ఓడ, థర్మల్ కేంద్రాల కూలింగ్ టవర్లు, గాలిమరలు, డ్యాము గోడ, నీళ్లలో తిమింగలం, చివరికి తెర మీద గురుగ్రహం బొమ్మ కూడా కొందరికి ఊపిరాడనివ్వదు. ఈ భయం ఎందుకు పుడుతుంది, ఎలా పోతుంది అన్నవి పెద్ద ప్రశ్నలు. ఇవాళ నేను మాట్లాడబోయేది వాటికి ముందు తేలాల్సిన సంగతి. ఒక మనిషిలో ఈ భయం ఎంత ఉందో కొలవడం ఎలా? భయానికి రక్తపరీక్ష లేదు. ఉన్నదల్లా కాగితం మీద కొన్ని ప్రశ్నలు, వాటి పక్కన టిక్కు పెట్టడానికి గళ్లు. ఆ ప్రశ్నలు ఎలా రాయాలి, వచ్చిన జవాబుల్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే నా విషయం.

భయాల గురించి ప్రశ్నలు పంచిపెట్టి జవాబులు పోగుచేయడం పాత పనే. 1897లో అమెరికన్ మానసిక శాస్త్రవేత్త జి. స్టాన్లీ హాల్ 1,700 మంది నుంచి 6,400కు పైగా భయాలను సేకరించి పెద్ద వ్యాసం రాశాడు. ఉరుములు, మెరుపులు అందులో ముందు వరసలో నిలిచాయి. పాములు, చీకటి, కొత్త మనుషులు, చావు, నిప్పు కూడా ఉన్నాయి. అయితే అందులో ఉన్నది తలల లెక్క. ఎంతమంది ఉరుముకు జడుస్తారో తెలుస్తుంది గానీ, ఫలానా మనిషికి ఉరుమంటే ఎంత జడుపో తెలియదు. ఆ 'ఎంత'కు కాగితం మీద చోటు దొరకడానికి మరో ముప్పై అయిదేళ్లు పట్టింది. 1932లో రెన్సిస్ లైకర్ట్ ఒక వాక్యం ఇచ్చి, దానితో ఎంతమేరకు ఏకీభవిస్తారో అయిదు మెట్లలో చెప్పమనే పద్ధతి తెచ్చాడు. ఇవాళ బ్యాంకులు, ఆసుపత్రులు మన ఫోన్లకు పంపే అభిప్రాయ సేకరణల్లో చాలావరకు ఆ వంశంలోవే.

1964లో జోసెఫ్ వోల్పే, పీటర్ లాంగ్ ఇద్దరూ కలిసి ఆ మెట్లను భయానికి వాడారు. డెబ్బైకి పైగా అంశాలున్న జాబితా అది. శవాలు, ఎత్తైన చోట్లు, ఉరుములు, పళ్ల డాక్టర్లు, నలుగురిలో విమర్శకు గురికావడం, ఇలా వరసగా ఇచ్చి, ఒక్కోటి మిమ్మల్ని ఏమాత్రం కలవరపెట్టదా, కొద్దిగానా, ఓ మోస్తరుగానా, బాగానా, చాలా ఎక్కువగానా అని అడిగారు. వోల్పే దక్షిణాఫ్రికాలో పుట్టిన వైద్యుడు. భయపడే వస్తువుకు మనిషిని మెట్టుమెట్టుగా అలవాటు చేసి భయం పోగొట్టే చికిత్సను రూపొందించినవాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంటే ముందు జాబితా ఉండాలి కదా. ఆ తర్వాత ఒక్కో భయానికి ఒక్కో ప్రశ్నావళి పుట్టుకొచ్చింది. పాములకు ఒకటి, సాలీళ్లకు ఒకటి, 1977లో ఎత్తులకు ఒకటి.

వైద్యుల పుస్తకంలో మెగలోఫోబియా స్థానమేమిటో ఒక్క మాట చెప్పుకుని ముందుకెళ్దాం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే గ్రంథంలో ఫోబియాలను జంతువులు, ప్రకృతి, రక్తం-సూదులు, సందర్భాలు, ఇతరాలు అని అయిదు గదుల్లో సర్దారు. పెద్ద వస్తువుల భయానికి అక్కడ సొంత పేరు లేదు. మామూలు భయం ఫోబియా అనిపించుకోవాలంటే ఆ వస్తువు ఎదురైన ప్రతిసారీ దాదాపుగా కలగాలి, అసలు ప్రమాదానికి మించి ఉండాలి, సాధారణంగా ఆరు నెలలు దాటి నిలవాలి, బతుకుకు అడ్డం పడాలి. మొత్తం మీద ఫోబియాలు అరుదైనవేమీ కావు. 22 దేశాల్లో దాదాపు 1,25,000 మందిని పలకరించిన ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేల ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఫోబియాకు లోనైనవారు 7.4 శాతం. ఆడవాళ్లలో 9.8, మగవాళ్లలో 4.9. ఈ చివరి రెండు అంకెలూ గుర్తుంచుకోండి. వాటితో నాకు పనుంది.

ఇప్పుడు మనమే ఒక ప్రశ్నావళి రాయబోతున్నాం అనుకుందాం. పెద్ద వస్తువుల భయానికి, తెలుగు వాళ్ల కోసం. విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి ఉంది. 91 మీటర్ల పొడవు, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. "జలాంతర్గామి దగ్గరికి వెళ్లాలంటే నాకు భయం" అని ఒక వాక్యం రాశాం. సున్నా నుంచి 4 దాకా అంకె వేయమన్నాం. ఒకావిడ 4 వేసింది. ఆ 4 దేనికి? బయట నిలబడి ఆ నల్లటి లోహపు పొట్టను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడలేకా? అలాగైతే మనం వెతుకుతున్న భయమే. లోపల ఇరుకు దారుల్లో వంగి నడవాల్సి వస్తుందనా? అది ఇరుకు చోట్ల భయం, మనం వెతికేదానికి పూర్తిగా ఎదురు దిక్కులోది. పైకి మెట్లెక్కాలనా? అది ఎత్తుల భయం. పక్కన సముద్రం ఉందనా? ఒక్క వాక్యంలో నాలుగు భయాలు దూరి కూర్చున్నాయి. స్కోరు షీటు మీద మాత్రం కనిపించేది ఒకే అంకె.

కాబట్టి ఆ వాక్యాన్ని విడగొట్టాలి. "రోడ్డుకు అవతలి పక్క నిలబడి జలాంతర్గామిని పూర్తిగా చూడటం" అని ఒకటి. "లోపల గదుల్లో నడవడం" అని ఇంకొకటి, రెండోది కావాలనే, మన భయానికి సంబంధం లేనిదని తెలిసే పెడతాం. మొదటిదానికి ఎక్కువ, రెండోదానికి తక్కువ వేసినవాళ్లే మనకు కావాల్సినవాళ్లు. రెండింటికీ సమానంగా వేసినవాళ్ల సంగతి వేరే. బీఈడీ చదివినవాళ్లకు సప్రమాణత అన్న మాట పరిచయమే. కొలవాలనుకున్నదాన్నే కొలవడం. ప్రశ్నావళిలో అన్నిటికంటే కష్టమైన పని అదే. నా దృష్టిలో, ఏ ప్రశ్నావళి విలువైనా అది దేన్ని పట్టుకుంటుందో దానికంటే, దేన్ని బయటికి నెట్టేస్తుందో దాన్ని బట్టి తేలుతుంది.

అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలున్నాయి. వాటిని చూడలేనివాళ్లు ఉంటారు. అక్కడ పరిమాణం ఒక్కటే లేదు, కదలిక కూడా ఉంది. ఈ తేడా చిన్నదేమీ కాదు. 1962లో షిఫ్, కావినెస్, గిబ్సన్ అనే ముగ్గురు కోతులకు తెర మీద ఒక నీడను చూపించారు. నీడ వేగంగా పెద్దదవుతూ, మీదికి వచ్చి పడుతున్నట్టు కనిపిస్తే కోతులు వెనక్కి దూకాయి. అదే నీడ చిన్నదవుతూ వెళ్తే అలా బెదరలేదు. మీదికొస్తూ పెద్దదయ్యేదాని నుంచి తప్పుకోవడం చాలా పాత తెలివి, పుట్టుకతో వచ్చేదానికి దగ్గరగా ఉండే తెలివి. కదలని విగ్రహం కింద నిలబడి తలెత్తినప్పుడు, వెనక మబ్బులు కదులుతుంటే, అది ముందుకు పడుతున్నట్టు మనకే అనిపిస్తుంది. ఆగి ఉన్న గాలిమర గురించి ఒక వాక్యం, తిరుగుతున్న గాలిమర గురించి ఇంకొక వాక్యం రాయకపోతే, మనం కొలిచింది పరిమాణానికి పుట్టిన భయమో, మీద పడుతుందన్న భయమో తేలదు.

ఇక అన్నిటికంటే చిక్కైన పొరుగు భావం ఒకటుంది. మనం నిత్యం ఎరిగినదే, ఆశ్చర్యంతో కలిసిన గౌరవం. పెద్దదాని ముందు చిన్నబోవడం మనిషికి బాధ కావచ్చు, ఆనందమూ కావచ్చు. ఎడ్మండ్ బర్క్ 1757లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. భారీతనం భయాన్ని రేపుతుందనీ, ఆ భయం మనల్ని నిజంగా తాకనంత దూరంలో ఉంటే దానిలోనే ఒక సంతోషం ఉందనీ వాదించాడు. 2003లో కెల్ట్‌నర్, హైట్ ఈ భావాన్ని ఆధునిక మానసిక శాస్త్రంలోకి తెచ్చినప్పుడు దానికి రెండు ఆనవాళ్లు చెప్పారు. ఎదుటిది విస్తారంగా ఉండటం, మన బుర్రలో ఉన్న కొలతల్లో అది ఇమడకపోవడం. ఈ రెండూ మెగలోఫోబియాకు కూడా అచ్చంగా సరిపోతాయి.

మన కథల్లో ఈ రెండు దారులూ పక్కపక్కనే ఉన్నాయి. విశ్వరూపం చూడాలని అడిగినవాడు అర్జునుడే. చూశాక వణికిపోయి, మళ్లీ ఆ పాత సౌమ్యరూపమే చూపించమని ప్రాధేయపడినవాడూ అర్జునుడే. గాండీవం పట్టిన మనిషి, పైగా తన బావ, తన సారథి ఎదుట. అశోకవనంలో సీత సంగతి చూడండి. ఇంత చిన్న కోతి సముద్రం దాటి తననెలా మోసుకెళ్తుందని ఆమెకు సందేహం. హనుమంతుడు కొండలా పెరిగి చూపించాడు. ఆమెకు కలిగింది నమ్మకం. పెరిగిన పరిమాణం రెండు చోట్లా ఒకటే. అది ఎవరి పక్షాన ఉందనుకుంటున్నామో, దాని ముందు మనకు దిక్కెవరో అన్నదాన్ని బట్టి లోపల పుట్టేది మారిపోయింది. ఖైరతాబాద్ గణపతి ముందు చేతులు జోడించి నిలబడ్డ తల్లి చంకలో పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే విగ్రహాన్ని.

కనక మన ప్రశ్నావళిలో "ఒళ్లు గగుర్పొడుస్తుంది" అన్న వాక్యం పనికిరాదు. భక్తికీ గగుర్పొడుస్తుంది, భయానికీ గగుర్పొడుస్తుంది. "నోట మాట రాదు" అన్నదీ అంతే. "చూపు తిప్పుకుంటాను", "అక్కడి నుంచి వెళ్లిపోవాలనిపిస్తుంది" అన్నవి పనికొస్తాయి. భక్తుడు చూపు తిప్పుకోడు, ఇంకాస్త దగ్గరికి జరుగుతాడు.

ఇలాంటి పొరపాటుకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. తామరకాయలో గింజల గుంటల్లా గుంపుగా ఉన్న చిన్న చిన్న రంధ్రాలు చూస్తే కొందరు తట్టుకోలేరు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కోల్, విల్కిన్స్ 2013లో దీని మీద వ్యాసం రాశారు. 2015లో దీనికి 17 అంశాల ప్రశ్నావళి కూడా వచ్చింది. దీనికీ డీఎస్ఎంలో సొంత పేరు లేదు. తర్వాత ఇంకొందరు పరిశోధకులు తవ్వి చూస్తే, చాలామందిలో భయం కంటే ఏవగింపే ఎక్కువగా తేలింది. భయం అని పేరు పెట్టి మొదలైన విషయం వేరే భావం వైపు జరిగింది. ముందే పేరు ఖాయం చేసుకుని ప్రశ్నలు రాసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

వాక్యాలు రాయడం ఒక ఎత్తు, వాటికి జనం జవాబు రాసే తీరు ఇంకో ఎత్తు. మనవాళ్లలో చాలామందికి కాగితం ఇచ్చిన మనిషిని నొప్పించడం ఇష్టం ఉండదు. డాక్టరుగారు అడుగుతున్నారు కదా అని అన్నిటికీ అవును అంటారు. అందుకే మధ్యలో కొన్ని వాక్యాలు తిరగేసి పెడతారు, "పెద్ద ఓడ పక్కన నిలబడటం నాకు హాయిగా ఉంటుంది" అన్నట్టు. దానికీ అవును, భయమేస్తుందన్నదానికీ అవును అంటే ఆ కాగితం పక్కన పెట్టాల్సిందే.

ఇక మగవాళ్ల సంగతి. పైన 9.8, 4.9 అన్నాను కదా. ఆడవాళ్లలో భయాలు రెట్టింపు అని దాన్ని చదవచ్చు. కానీ మీసం మెలేసే మనిషి బొమ్మ అంటే భయమని కాగితం మీద రాస్తాడా? 1992లో పియర్స్, కిర్క్‌పాట్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఈ సందేహంతోనే ఒక ప్రయోగం చేశారు. వాళ్ల వ్యాసం పేరే, మగవాళ్లు భయాల సర్వేల్లో అబద్ధం చెబుతారా అని. కాలేజీ విద్యార్థులతో ముందు మామూలుగా ప్రశ్నావళి నింపించారు. ఎలుకలు, రోలర్ కోస్టర్ల లాంటివి అందులో ఉన్నాయి. కొన్నాళ్లకు మళ్లీ పిలిచి, ఈసారి మీకు వాటి వీడియో చూపిస్తాం, మీ గుండె వేగం కొలుస్తాం, నిజం చెబుతున్నారో లేదో తెలిసిపోతుంది అని చెప్పి నింపించారు. మగపిల్లల భయం స్కోర్లు పెరిగాయి. ఆడపిల్లల స్కోర్లు దాదాపు అలాగే ఉన్నాయి. ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పెరిగాక కూడా మగవాళ్ల స్కోరు ఆడవాళ్లను అందుకోలేదు. తేడాలో కొంత నిజం, కొంత మీసం.

అన్ని ప్రశ్నలూ రాశాక, నాలుగైదు వందల మందికి ఇచ్చి లెక్కలు కడతారు. ఇక్కడ విశ్వసనీయత అన్న రెండో మాట వస్తుంది. నిన్న కిలో తూగిన బెల్లం ఇవాళ ముప్పావు తూగితే తప్పు కాటాది. అలాగే ఈ నెల 30 వచ్చిన మనిషికి వచ్చే నెల 12 వస్తే, మధ్యలో చికిత్స ఏమీ జరగకుండా, తప్పు ప్రశ్నావళిదే. ఇది సూటిగా అర్థమయ్యే పరీక్ష. దీన్ని చేయడానికి మనుషుల్ని మళ్లీ పిలవాలి, ఖర్చు, శ్రమ. అందుకని చాలామంది ఒక్కసారి నింపించిన కాగితాలతోనే తేలిపోయే ఇంకో అంకెను చూపించి ఊరుకుంటారు. 1951లో లీ క్రోన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చిన ఆల్ఫా అది. ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు నడుస్తున్నాయా లేదా చెబుతుంది. 1కి దగ్గరగా ఉంటే మంచిదనీ, 0.7 దాటితే చాలనీ వాడుక.

ఆ ఆల్ఫాను పెంచడానికి ఒక దొంగదారి ఉంది. "పెద్ద విగ్రహాలంటే నాకు భయం", "భారీ విగ్రహాలు నన్ను భయపెడతాయి", "విగ్రహం ఎంత పెద్దదైతే నాకంత భయం" అని ఒకే ప్రశ్నను పది రకాలుగా తిప్పి అడిగితే ఆల్ఫా 0.95 దాటిపోతుంది. వ్యాసంలో ఘనంగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ అడిగింది ఒక్క ప్రశ్నే. ఓడలు, యంత్రాలు, జంతువులు, గ్రహాలు అన్నీ వదిలేసి విగ్రహాల భయం మాత్రమే కొలిచి, దానికి పెద్ద వస్తువుల భయమని బోర్డు కట్టినట్టవుతుంది. 0.85 వచ్చి నాలుగు రకాల వస్తువుల్ని కలుపుకున్న ప్రశ్నావళినే నేను నమ్ముతాను.

మరో ఇబ్బంది ఊళ్లను బట్టి వస్తుంది. రేవు చూడని ఆదిలాబాద్ మనిషిని ఓడ గురించి అడిగితే ఊహించి చెప్పాలి. గంగవరం, కాకినాడ వాళ్లు చూసింది చెబుతారు. ఊహకు వేసిన 3, అనుభవానికి వేసిన 3 ఒకటేనా? స్థానికంగా తెలిసినవి పెడితే అవి మారిపోతాయి. పాల్వంచ పాత విద్యుత్ కేంద్రంలో తరాలుగా కనిపించిన ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. ఖమ్మం, కొత్తగూడెం వాళ్ల కోసం వాటి పేరు రాసుకుని ఉంటే ఆ వాక్యం ఇప్పుడు కొట్టేసుకోవాల్సిందే. ఫొటోలు చూపించి అడగడం సులువైన దారి. కానీ కింద నుంచి తీసిన ఫొటోలో మూడంతస్తుల మేడ కూడా భూతంలా ఉంటుంది, అరచేతి ఫోనులో 182 మీటర్ల పటేల్ విగ్రహం బొటనవేలంత ఉంటుంది.

ఇక్కడో విచిత్రం ఉంది, నాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చింది అదే. మనం పరిమాణం వల్ల పుట్టే భయాన్ని కొలుస్తున్నాం కదా, భయం కూడా పరిమాణాన్ని మార్చేస్తుంది. వేసీ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు సాలీళ్లంటే భయపడేవాళ్లకు బతికున్న పెద్ద సాలీళ్లను చూపించి, తర్వాత అది ఎంత పొడవుందో కాగితం మీద గీత గీసి చూపమన్నారు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎక్కువ భయపడ్డవాళ్లు ఎక్కువ పొడవు గీత గీశారు. ఎత్తుల భయం ఉన్నవాళ్లు మిద్దె మీద నుంచి నేలను చూసి దూరాన్ని ఎక్కువ చేసి చెబుతారని కూడా ఇతర ప్రయోగాల్లో తేలింది. అంటే మన ప్రశ్నావళిలో "ఎంత పెద్ద వస్తువైతే మీకు భయం" అని అడిగితే వచ్చే జవాబులో భయం ముందే కలిసిపోయి ఉంటుంది. అడుగుల్లో అడగడం దండగ.

మరి కాగితాన్ని వదిలేసి నేరుగా మనిషినే గమనిస్తే? ఇందాక చెప్పిన పీటర్ లాంగ్, లాజోవిక్‌తో కలిసి 1963లో ఆ పనే చేశాడు. గాజు పెట్టెలో విషం లేని పాము. పాములంటే భయపడే విద్యార్థుల్ని దగ్గరికి రమ్మన్నారు. ఎంత దూరంలో ఆగిపోయారో అదే కొలత. నోటి మాట, నడక, గుండె వేగం మూడూ ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలవవని ఆ తర్వాత సంవత్సరాల్లో లాంగ్ గట్టిగా చెప్పాడు. అస్సలు భయం లేదంటూ దూరంగా నిలబడేవాళ్లుంటారు, వణుకుతూనే వెళ్లి ముట్టుకునేవాళ్లూ ఉంటారు. పాముకైతే గాజు పెట్టె చాలు. ఓడను క్లినిక్‌కు తేలేం. దానికి కంప్యూటర్ దారి చూపించింది. 1995లో రాత్‌బామ్, సహచరులు కళ్లకు తొడుక్కునే తెరలతో ఎత్తుల భయానికి చికిత్స చేసి చూపించారు. అదే పరికరంతో ఇవాళ ఒక గదిలో కూర్చోబెట్టి ఓడ పక్కనే నడిపించవచ్చు, ఎంత దగ్గరికొచ్చాక వద్దన్నారో రాసుకోవచ్చు.

అయినా ప్రశ్నావళిని ఎవరూ వదలరు. చవక, పది నిమిషాల పని, ఒకేసారి వందమందికి ఇవ్వొచ్చు. అందుకే దాని మోసం కూడా తెలుసుకోవాలి. ఫలానా స్కోరు దాటితే ఫోబియా అని గీత గీశారనుకోండి. ఊహకు ఒక లెక్క చెబుతాను. ఈ ప్రసంగం వెయ్యిమంది వింటున్నారు, అందులో నిజంగా ఈ ఫోబియా ఉన్నవాళ్లు పదిమంది. ప్రశ్నావళి మంచిదే, పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. ఫోబియా లేనివాళ్లలో నూటికి అయిదుగురిని మాత్రమే పొరపాటున పట్టుకుంటుంది. వెయ్యిమందీ నింపారు. గీత దాటినవాళ్లు ఎంతమంది? ఆ తొమ్మిదిమందీ, మిగతా 990 మందిలో పొరపాటున చిక్కిన దాదాపు యాభై మందీ. దాదాపు 59 మందిలో నిజమైనవాళ్లు తొమ్మిదిమందే. అరుదైన విషయానికి ఏ పరీక్ష పెట్టినా జరిగేది ఇదే. ఫోనులో ఏదో ప్రశ్నావళి నింపి, ఎర్రరంగులో స్కోరు వచ్చిందని కంగారు పడేవాళ్లలో ఎక్కువమంది ఆ యాభైలో ఉంటారు.

డీఎస్ఎం-5తో పాటు వచ్చిన ఒక చిన్న కొలమానం ఉంది, పెద్దల కోసం. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి 4. ముందు మీకు ఏ రకం వస్తువంటే భయమో గుర్తుపెట్టమంటుంది, తర్వాత గత ఏడు రోజుల్లో గుండె దడ, బిగుసుకుపోవడం, ఏదో అయిపోతుందన్న ఆలోచన, తప్పించుకోవడం, దగ్గరున్నప్పుడు దూరంగా జరగడం, తయారవడానికే గంటలు పట్టడం, ఇంకొకరి తోడు కావాల్సి రావడం, ఇలాంటివి ఎంత తరచుగా జరిగాయో అడుగుతుంది. బాగా రాసిన కాగితం. అయితే మన భయానికి దాన్ని వాడితే ఒక తిరకాసు. ఏడు రోజుల్లో ఎవరికి ఓడ ఎదురవుతుంది? ఇంకా ముఖ్యం, విశాఖ వెళ్లడమే మానేసిన మనిషికి, విగ్రహం కనిపించే ఫ్లైఓవర్ వదిలి ఊరంతా తిరిగి ఆఫీసుకెళ్లే మనిషికి గుండె దడ ఎందుకొస్తుంది? దడ ప్రశ్నలన్నిటికీ సున్నా వేస్తాడు. అందరికంటే ఎక్కువ భయమున్నవాడికి స్కోరు తక్కువగా వస్తుంది. అతన్ని పట్టుకునేది తప్పించుకోవడం గురించిన ఒకటి రెండు ప్రశ్నలే.

అందుకే నన్నడిగితే, ప్రశ్నావళిలో సగం ప్రశ్నలు "ఎంత భయం?" అని ఉండకూడదు. "దానివల్ల ఏం మానేశారు?" అని ఉండాలి. ఏ ఉద్యోగం వదులుకున్నారు, ఏ పెళ్లికి వెళ్లలేదు, పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లలేదు, ఏ దారిలో ఎన్ని కిలోమీటర్లు చుట్టు తిరుగుతున్నారు. ఇవి గుర్తుతెచ్చుకుని చెప్పగలిగినవి, మీసం కూడా వీటికి అంతగా అడ్డురాదు. చికిత్స తర్వాత మార్పు వచ్చిందా లేదా చూసేదీ వీటిలోనే.

చికిత్స ఉంది. భయపడేదాన్ని మెట్టుమెట్టుగా, తోడు ఉండగా ఎదుర్కోవడమే దాని సారం. స్వీడన్‌కు చెందిన లార్స్ ఓస్ట్ 1989లో, కొన్ని ఫోబియాలకు మూడు గంటల లోపు ఒకే ఒక్క సిట్టింగ్‌తో ఫలితం సాధించవచ్చని చూపించాడు. ఇది ఇంట్లోవాళ్లు బలవంతంగా విగ్రహం కాళ్ల దగ్గరికి లాక్కెళ్లడం లాంటిది కాదు, దయచేసి ఆ పని చేయకండి. నేర్చుకున్నవాళ్లు చేయించాల్సింది. మీకు గానీ, మీ ఇంట్లో పార్కింగ్ దగ్గర ఆగిపోయే మనిషికి గానీ ఈ భయం ఉండి, దానివల్ల మానేసినవి మూడో నాలుగో ఉంటే, వాటిని ఒక కాగితం మీద రాసుకుని మానసిక వైద్యుణ్ణో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ఫోనులో వచ్చిన స్కోరు కంటే ఆ కాగితమే వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. దగ్గర్లో ఎవరూ లేకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్‌కు ఫోన్ చేయొచ్చు. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.